బాతుల గుడ్డ

బుజ్జికి పొట్టివైపోయిన గౌన్లను గుడ్డలుగా చింపే పని బుజ్జి తల్లిది. ఏసీ మెకానిక్ ఇంట్లో గుడ్డలు ఎన్ని ఉన్నా చాలవు. రాగి పైపు తుడవాలన్నా, ఫిల్టర్ దులపాలన్నా, గోడకి కన్నం పెట్టాక కింద రాలిన సున్నం ఎత్తాలన్నా చేతిలో గుడ్డ ఉండాల్సిందే. కొత్త గుడ్డ నీళ్ళు పీల్చదనీ, పిల్లల బట్టయితే ఉతికి ఉతికి మెత్తబడి చెప్పినమాట వింటుందనీ ఆమె భర్త నమ్మకం. అందుకే ఆ ఉదయం వంటింటి గడప మీద కూర్చుని, బుజ్జి కంట పడకుండా ఓ గులాబిరంగు గౌను కుట్లు విప్పుతోంది. బుజ్జి చూసిందంటే ఇంకేమన్నా ఉందా! మొన్నటికి మొన్న పసుపుపచ్చ బాతుల గౌను చింపినందుకే ఇంటికప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది.

"దాన్నీ చింపేస్తున్నావా? నిన్నగాక మొన్నేగా కొన్నాం," అంది అత్తగారు, గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుంటూ.

"బొడ్డు కనిపిస్తోందత్తయ్యా. గాలి తగిలితే జలుబు చేస్తుంది."

"పిల్ల పెరుగుతోందో లేదోగానీ నీ భయాలు మాత్రం నెలనెలా పెరుగుతున్నాయే కంగారమ్మా."

ఆ పేరు పెట్టింది ఆవిడే. పెట్టినందుకు కోడలు నొచ్చుకోదు, ఎందుకంటే అబద్ధం కాదుగా. తాళం వేశాక రెండుసార్లు లాగి చూస్తుంది. భర్త నిచ్చెన ఎక్కే పనికి వెళ్ళిన రోజున మధ్యాహ్నందాకా అన్నం ముద్ద దిగదు. పని చేసేచోట ఎదుటివాళ్ళ సొమ్ము పాడైతే కట్టే ఇన్సూరెన్సు ఒకటుందని విని, మొగుడి ప్రాణం తోడేసి ఆ పాలసీ తీయించినదీ ఆమే.

ఫోన్ మోగింది. భర్త పెరట్లో ఒక చెంపకి సబ్బునురగ, ఒక చెంప ఖాళీ. ఆమే ఎత్తింది.

"ఏసీ వాళ్ళ ఇల్లేనా? నేను, టైలర్ని. మీ ఆయన్ని గొడుగేసుకుని రమ్మని చెప్పు."

"గొడుగా అక్కా? ఇక్కడ ఎండ మాడ్చేస్తోందే."

"మీ దగ్గర ఎండేనమ్మా. నా షాపులోనే వాన."

కత్తెర ఆమె ఒళ్ళోంచి జారి గడప మీద ఠంగుమంది. చెప్పింది వినగానే భర్త సగం గడ్డంతోనే బనీను మీద చొక్కా తగిలించుకుని బండి తీశాడు. ఇంట్లో కూర్చుంటే ఊహలు ఎక్కడెక్కడికో పోతాయని ఆమెకి తెలుసు. బుజ్జిని చంకనేసుకుని వెనక ఎక్కేసింది.

"నువ్వెందుకే?"

"మీరు నిచ్చెన ఎక్కితే పట్టుకోడానికి."

"నిచ్చెనకి కాళ్ళున్నాయిగా."

"ఉన్నాయిలెండి. నడపండి."

షాపు చిన్నదే. ముందు అద్దాల తలుపు, లోపల రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, గోడ పొడుగునా బట్టలు తగిలించే ఇనుప రాడ్డు. ఆ రాడ్డుకి సరిగ్గా పైన, కిందటి వారం బుజ్జి నాన్న బిగించిన ఏసీ. వేడికి వేడి, చల్లనికి చల్లన రెండూ ఇచ్చే రకం. ఇప్పుడు దాని పెదవంచునుంచి ఇంకా చుక్కలు జారుతున్నాయి. శనివారం స్కూలు పిల్లల నాటకం. అడవిలో జంతువుల కథ. బట్టలన్నీ టైలరమ్మే కుడుతోంది. పై వరసలో సింహాలు, కింది వరసలో కుందేళ్ళు. సింహాల జూలుకి కుట్టిన నారింజరంగు ఊలు రాత్రంతా తడిసి, రంగు వదిలి, ధారగా కారి, మల్లెపూవంటి కుందేళ్ళన్నిటినీ అభిషేకించింది. ఒక్కటీ తెల్లగా మిగల్లేదు.

టైలరమ్మ స్టూలు మీద కూర్చుని ఒక కుందేలు తోక పిండుతోంది. నడివయసు మనిషి. మెడలో కొలత టేపు, నోట్లో రెండు గుండుసూదులు. వాటిని తియ్యకుండానే మాట్లాడగలదు.

"చూడు నాయనా. అడవిలో కుందేళ్ళన్నీ సన్యాసం పుచ్చుకున్నాయి."

మెకానిక్ నవ్వలేదు. ఏసీ ఆపేశాడు. కళ్ళు పైకెత్తి ఒక్క క్షణం ఆలోచించాడు. అంతే, గబగబా బయటికి నడిచి షాపు పక్క సందులోకి వెళ్ళాడు. వెనకాలే నిచ్చెన పట్టుకోడానికి బుజ్జి తల్లి. ఏసీలోంచి నీళ్ళు బయటికి వదిలే పైపు, గోడలోంచి వచ్చి నిలువెత్తుకి కాస్త పైన వంగి ఉంది. అక్కడే గోడకి ఆనించి ఉన్న నిచ్చెనెక్కి ఆ పైపు మూతిలో రెండు వేళ్ళు పెట్టి లాగాడు. గుడ్డ ఊడొచ్చింది. దాని వెనకాల నిలవున్న నీళ్ళు ధబ్బున అతని ఛాతీ మీద పడ్డాయి.

పసుపుపచ్చ గుడ్డ. నాలుగు తెల్లబాతులు, ఐదోదానికి తల లేదు. తల దగ్గరే కత్తెర పడిందని ఆమెకి గుర్తే.

పెయింటర్లు బయటి గోడ గీకుతారని తెలిసి, పైపులోకి దుమ్ము పోకుండా అతను గుడ్డ కుక్కాడు. ఈ పనిలో ఉన్నవాళ్ళు అందరూ కుక్కుతారు. పెయింటర్ల పని అయ్యాక వచ్చి తియ్యాలి. ఈలోపు ఇంకో చోట గ్యాసు లీకైందని కబురొచ్చింది, వెళ్ళిపోయాడు, మర్చిపోయాడు. అంతే సంగతి. నిచ్చెన మీంచి అతను, కింద నిచ్చెన పట్టుకున్న ఆమె ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

టైలరమ్మ సందు మొదట్లోకి వచ్చి నిలబడింది. "ఏమైందయ్యా?"

అతను గుడ్డ జేబులో పెట్టుకుని నోరు తెరిచాడు. ఏ మాట రాబోతోందో ఆమెకి తెలుసు. తన తప్పు కళ్ళబడిందా, కాఫీ తాగినంత తేలిగ్గా ఒప్పేసుకుంటాడు ఆ మనిషి. సరిగ్గా అప్పుడే ఆమెకి పాలసీ తీసుకున్న రోజు ఏజెంటు బాబాయి చూపుడువేలెత్తి చెప్పిన మాట గుర్తొచ్చింది. 'ఏదన్నా జరిగితే ముందు నాకు ఫోను. నాకంటే ముందు ఎవరి దగ్గరా మాట జారకండి.'

"ఏవండీ!" అంది గట్టిగా, నిచ్చెన ఊపుతూ. "దిగండి ముందు. తడిసిపోయారు. జలుబు చేస్తుంది!"

వరసకి బాబాయి అయ్యే ఆ ఏజెంటు ఫోన్లో సంగతంతా విని, గొంతు తగ్గించాడు. ఆయన తగ్గించిన గొంతు మామూలు మనుషుల అరుపంత ఉంటుంది.

"గుడ్డ సంగతి ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదు బాబాయ్."

"బతికించావు. చెప్పకండి. 'తప్పు మాదే' అన్న ముక్క అల్లుడి నోట్లోంచి వచ్చిందో, కంపెనీ చేతులు దులిపేసుకుంటుంది. నష్టం లెక్కగట్టే కంపెనీ సర్వేయరు శుక్రవారం వస్తాడు. అప్పటిదాకా ఆవిడకి సారీ వద్దు, ఓదార్పు వద్దు, సాయం అసలే వద్దు. సాయానికి వెళ్ళారంటే తప్పు ఒప్పుకున్నట్టే లెక్క. అయినా పెయింటర్లు గోడ గీకారన్నావుగా? ఆ దుమ్ము పడి పైపు మూసుకుపోయిందేమో! నేను ఆఫీసుకి ఫోన్ చేసి చూచాయగా ఆ మాట వేసి ఉంచుతాలే."

"మూసుకుపోలేదుగా బాబాయ్..."

"అబ్బా, పోయిందని నేనన్నానా? పోయిందేమో అన్నాను."

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు, బుజ్జికి తప్ప. పాలసీ పోతే ఏమవుతుందో ఆమె కళ్ళముందు బొమ్మ కట్టినట్టు కనిపిస్తోంది. ఈ రోజుల్లో పెద్ద భవనం ఏదైనా సరే, మెట్లెక్కక ముందే మేనేజరు పాలసీ చూపించమంటాడు. అది లేకపోతే ఆఫీసుల పని లేదు, ఆస్పత్రుల పని లేదు. ఇంటింటికీ తిరిగి ఫిల్టర్లు కడుక్కోవాలి. ఇంకోపక్క టైలరమ్మ. గుడ్డముక్క దగ్గర్నుంచి అంతా మళ్ళీ కొనాలి, కొన్నా శనివారానికల్లా కుట్టాలి. స్కూలువాళ్ళ పని ఈసారి చెడిందంటే వచ్చే ఏడు పిలవరు. పాపం, ఆ మనిషి చేసిన తప్పేమిటి? ఏసీ పెట్టించుకోవడమా?

"నా గొంతులో ఆ గుడ్డే అడ్డంపడ్డట్టుందే," అన్నాడు భర్త, కంచం ముందు. "ఒక్కమాట. 'అమ్మా, నావల్లే జరిగింది' అని ఒక్కమాట చెప్పేస్తే హాయిగా తింటా."

"శుక్రవారం దాకా ఓపిక పట్టండి."

"మాట్లాడకుండా ఉండటానికి డబ్బు కట్టడం నేనెక్కడా చూళ్ళేదమ్మా," అంది అత్తగారు. "నా కాలంలో మీ మామయ్య నోరు మూయించడానికి నాకు పైసా ఖర్చు కాలేదు."

ఇంతలో లోపల్నుంచి బుజ్జి కేరింతలు. చూస్తే, తడిచొక్కా జేబులోంచి గుడ్డ లాగేసి గుండెలకి హత్తుకుంది. "బా! బా!" అంటోంది. పోయిన బాతులు ఇంటికి తిరిగొచ్చాయి. ఇయ్యమంటే ఇవ్వదు. లాక్కుంటే పక్కింటివాళ్ళు వచ్చేలా ఏడుస్తుంది. ఉతికి ఆరేసినంతసేపూ తాడు కిందే కూర్చుని కాపలా కాసింది.

మర్నాడు పొద్దున్నే దారం కొనే పని ఉందని చెప్పి బుజ్జితో బయల్దేరింది. దారం అవసరమే. కాకపోతే దారం కొట్టు ఇంటి వెనకాలే ఉంది, ఆమె నడుస్తున్నది ఎదురు దిక్కుకి. షాపుకి ఇవతలి వైపు నిలబడి ఒక్కసారి చూసి వచ్చేస్తాను, చూడటం సాయం కిందికి రాదుగా, అని తనకి తనే చెప్పుకుంది.

అద్దంలోంచి టైలరమ్మ కనిపించింది. కొత్త తెల్లబట్ట బల్ల మీద పరిచి కత్తిరిస్తోంది. రెండో మిషను ఖాళీగా ఉంది. తల ఎత్తి చూసింది.

"అక్కడే నిలబడి చూస్తే ముందు అరిగేది అద్దమా, నీ కాళ్ళా? లోపలికి రా."

"వద్దులే అక్కా. పని మీద పోతున్నా."

"పోతున్నదానివి పావుగంట నుంచి అక్కడే ఉన్నావుగా. రా. పిల్ల ఎండలో వాడిపోతోంది."

పిల్ల పేరెత్తితే ఆమెకి కాళ్ళు ఆగవు. లోపలికి వెళ్ళి, బల్ల కొసని కూర్చుని, ఒడిలో చేతులు పెట్టుకుంది. ఊపిరి బిగబట్టి అనేసింది. "అక్కా, ముందే చెబుతున్నా. ఆ విషయం నేను మాట్లాడకూడదు."

టైలరమ్మ కత్తెర ఆగింది. ఆ మొహంలోకి కోపం వస్తుందనుకుంది. రాలేదు. పైగా ఏదో బరువు దిగినట్టు భుజాలు కిందికి జారాయి.

"మంచిదైంది. నేనూ మాట్లాడకూడదనే అనుకున్నా."

ఎందుకో అడగాలనిపించింది. అడిగితే మాట్లాడినట్టేగా అని ఊరుకుంది. టైలరమ్మ కత్తెర పక్కన పెట్టి మిషను ముందు కూర్చుంది. మిషను గరగర ఒక్కటే. బుజ్జి నేల మీద దారపు రీళ్ళు దొర్లిస్తోంది. బల్ల నిండా తెల్ల చెవులు, కత్తిరించి కుట్టకుండా పడి ఉన్నాయి, జతలు జతలుగా.

"రెండో మిషను అమ్మాయి రాలేదా అక్కా?" 

"జ్వరం. ఇదే అదును చూసుకుని వచ్చింది, అమ్మాయి కాదు, జ్వరం."

బుజ్జి తల్లి ఒక చెవి చేతిలోకి తీసుకుంది. ఊరికే చూడటానికే. రెండు పొరల మధ్య అట్టలాంటి గట్టిబట్ట. దాని అంచులు సరిగ్గా కలిపి ఉన్నాయా లేదా అని వేలితో తడిమింది. తడిమాక ఊరుకోబుద్ధి కాలేదు. పక్కనే సూది ఉంది. సూదిలో దారం కూడా ఉంది.

"చెవులు కుట్టడం వచ్చా?" అంది టైలరమ్మ తల తిప్పకుండా.

"బుజ్జి పుట్టకముందే దానికి టోపీ కుట్టాను."

"లోపలివైపు నుంచి కుట్టి, పెన్సిలుతో తిరగెయ్యి. కొన దగ్గర పొడవకు, చిరుగుతుంది. తిరగేశాక అడుగు మాత్రం కుట్టు కనపడకుండా చేత్తో."

అంతే. ఆ తర్వాత వాళ్ళు పిల్లలకి పళ్ళొచ్చేటప్పటి జ్వరాల గురించి మాట్లాడుకున్నారు. అత్తగార్ల గురించి మాట్లాడుకున్నారు. కూరగాయలమ్మేవాడు తక్కెడలో వేలు ఆనిస్తాడన్న సంగతి తేల్చుకున్నారు. నీళ్ళ గురించి ఒక్క మాట లేదు. బుజ్జికి దాహమేసి "నీళ్ళు" అంటే ఇద్దరూ ఉలిక్కిపడి, ఒకరి మొహం ఒకరు చూసి, నవ్వు ఆపుకోలేక చచ్చారు. టైలరమ్మ నోట్లోని గుండుసూదులు నేల మీద పడితే, బుజ్జి ఎక్కడ నోట్లో పెట్టుకుంటుందోనని బుజ్జి తల్లి మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్కటీ ఏరింది.

ఇంటికొచ్చాక అత్తగారు ఆమె చీర అంచుకి అంటుకున్న తెల్లదారాలు తీస్తూ అంది, "దారం కొట్టువాడు నిన్ను కౌగలించుకున్నాడా ఏమిటే?"

"మీరు ఆయనకి చెప్పకండి అత్తయ్యా. ఆయన నోట్లో మాట ఆగదు."

"నాకేం తెలుసని చెప్పడానికి? కుందేళ్ళు బాగున్నాయా?"

శుక్రవారం సర్వేయరు మధ్యాహ్నం వస్తాడనీ, ఏజెంటు బాబాయి, మెకానిక్ ఇద్దరూ అప్పటికి షాపు దగ్గర ఉండాలనీ అనుకున్నారు. మధ్యాహ్నం కదా అని పొద్దున్నే బుజ్జి తల్లి వెళ్ళి చెవుల ముందు కూర్చుంది. ఇంకో నాలుగైదు కుందేళ్ళు మిగిలాయి. ఆయనొచ్చేలోగా లేచి వెళ్ళిపోవచ్చు అనుకుంది.

ఆయన పొద్దున్నే వచ్చాడు.

నున్నటి గుండు, మెడకి తాడుతో వేలాడే కళ్ళజోడు, భుజాన సంచి. లోపల అడుగు పెడుతూనే ఊలు నూగు ముక్కులోకి పోయి వరసగా తుమ్మాడు. "ఇన్సూరెన్సు నుంచి వచ్చానమ్మా," అన్నాడు తుమ్ముల మధ్య. "దారిలో ఇంకో పని ఉండి, ముందే..." మళ్ళీ తుమ్ము.

బుజ్జి తల్లి చేతిలో సూది అక్కడే ఆగిపోయింది. లేచి పోదామంటే దారి ఆయనకి అవతల ఉంది. బల్ల కింద దూరదామంటే వయసు దాటిపోయింది.

ఆయన ఏసీ ఫొటో తీశాడు. గోడ మరకలు టేపుతో కొలిచాడు. ఒక మూల కుప్పేసి ఉన్న నారింజ కుందేళ్ళని ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు. టైలరమ్మ అడిగినవాటికి అవును, కాదు అంటోందే తప్ప ఇంకో మాట కలపడం లేదు. ఎప్పుడూ అంత పొదుపుగా మాట్లాడే మనిషి కాదు. చివరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఇటు తిరిగాడు.

"ఇక్కడ పనిచేసేది నువ్వేనామ్మా?"

ఆమె చేతిలోని చెవి చూసుకుంది. "ఆఁ. చేస్తున్నానండీ." అబద్ధం కాదుగా.

"ఏమైందో నువ్వేమన్నా చూశావా? ఊరికే, నీకు తోచింది చెప్పు. పైపులో దుమ్ము పడిందని విన్నాను."

బాబాయి చూపుడువేలు కళ్ళముందు ఆడింది. 'తెలీదండీ' అంటే సరిపోతుంది. చిన్న మాట. ఆ మాట అనేస్తే తమకి పాలసీ ఉంటుంది, ఆఫీసుల పని ఉంటుంది. మరి ఏం పోతుంది? పెయింటర్ల మీద నింద పడుతుంది. వాళ్ళూ నిచ్చెనలెక్కేవాళ్ళే. వాళ్ళ ఇళ్ళలోనూ మధ్యాహ్నం దాకా ముద్ద దిగనివాళ్ళు ఉంటారు.

ఆమె ఇంకా ఏమీ తేల్చుకోక ముందే బుజ్జి లేచి, తప్పటడుగులతో ఆయన దగ్గరకెళ్ళి, మోకాలు పట్టుకుని, తన గుడ్డ ఆయన మొహానికి చాపింది. ఎవరైనా తుమ్మితే ముక్కు తుడవాలని బుజ్జికి అమ్మ నేర్పింది.

"బా," అంది.

"ఓహో, బాతులా? భలే ఉన్నాయే నీ బాతులు," అన్నాడాయన, వంగి.

"అదేనండీ," అంది బుజ్జి తల్లి.

"ఏదమ్మా?"

"పైపులో ఉన్నది. దుమ్ము కాదండీ. దుమ్ముకి బాతులుండవు కదా."

మొదలుపెట్టాక మరి ఆగలేదు. పెయింటర్లు వస్తారని గుడ్డ కుక్కడం, గ్యాసు లీకని కబురు రావడం, తియ్యడం మర్చిపోవడం, నిచ్చెన మీద నీళ్ళు ఛాతీ మీద పడటం, అంతా చెప్పేసింది. చెబుతూ చెబుతూ చేతిలోని కుందేలు చెవిని వడిపెట్టి తిప్పేసింది కూడా. ఆయన గుడ్డ తీసుకుని వెలుతురులో పట్టి చూశాడు. తల లేని బాతు దగ్గర ఆగాడు.

"ఇంత వివరంగా నీకెలా తెలుసమ్మా?"

"ఆ గుడ్డ చింపింది నేను. అది కుక్కింది మా ఆయన."

మిషను ఆగిపోయింది.

"మరి నువ్విక్కడ..."

"చెవులు కుడుతున్నానండీ. సాయం చేస్తే పాలసీ పోతుందన్నారు. తెలిసే చేశాను. ఆయనకి తెలీదు. తియ్యాల్సి వస్తే..." ఆమెకి ఏం తియ్యాలో తోచలేదు. "నన్ను తీసెయ్యండి పాలసీలోంచి. ఆయన్ని ఉంచండి."

సర్వేయరు మళ్ళీ తుమ్మబోతున్నాడనుకుంది. కాదు, నవ్వు. స్టూలు లాక్కుని కూర్చుని మరీ నవ్వాడు.

"అమ్మా, నేను ఈ ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ నీళ్ళు వాటంతట అవే వచ్చాయి, మంట దానంతట అదే పుట్టింది. ఇన్నాళ్ళకి ఒక మనిషి మర్చిపోయాడట! విని ఎంత కాలమైందో." కళ్ళు తుడుచుకున్నాడు. "మనుషులు మర్చిపోతారనే కదా పాలసీ ఉన్నది. ఎవరూ ఏదీ మర్చిపోకపోతే మా ఆఫీసు ఎందుకు, దండగ? జరిగింది జరిగినట్టు చెప్పడం వేరు, మమ్మల్నడక్కుండా 'ఇంత ఇస్తాం' అని మాటిచ్చెయ్యడం వేరు. ఆ రెండోది చెయ్యొద్దని ఉంటుంది. నువ్వేమన్నా ఇస్తానన్నావా?"

"లేదండీ. చెవులే."

"చెవులు కుట్టకూడదని పాలసీలో ఎక్కడా లేదు."

అప్పుడు టైలరమ్మ నోట్లోంచి గుండుసూదులు తీసింది. మొదటిసారి. వాటిని జాగ్రత్తగా సూదుల దిండుకి గుచ్చి, "నేనూ ఒకటి చెప్పాలి," అంది, గొంతు చిన్నది చేసుకుని. "సింహాల మీసాలకి పెట్టిన జిగురు ఆరాలని రాత్రంతా ఏసీ వేసే ఉంచాను. బట్టలు సరిగ్గా దానికిందే తగిలించాను. తగిలించొద్దని ఈ అమ్మాయి వాళ్ళాయన చెప్పాడు కూడా. ఆ మాట బయటపడితే తప్పంతా నాదే అంటారేమోనని..."

"రాత్రి ఏసీ వెయ్యడం నేరమైతే ఊళ్ళో సగంమంది జైల్లో ఉండాలి," అన్నాడు సర్వేయరు. "చూడండి, ఇద్దరికీ చెబుతున్నా. కంపెనీ చివరి మాట నాది కాదు. నేను రాసేది రాస్తాను, వాళ్ళు చెప్పేది చెబుతారు. పాడైన బట్టలకి ఇబ్బంది ఉండదనే నా నమ్మకం. పైపు పని మాత్రం మళ్ళీ మీవాళ్ళే చేసుకోవాలి, దానికి రాదు." గుడ్డ మడిచి బుజ్జి చేతిలో పెట్టాడు. "దీనికీ రాదు."

సర్వేయరు రాకముందే చెప్పేద్దామని కాబోలు, అప్పుడే తలుపు తోసుకుని మెకానిక్ వచ్చాడు, వెనకాల అతన్ని ఆపలేక రొప్పుతూ ఏజెంటు బాబాయి. పెళ్ళాన్ని చూడలేదు, పిల్లని చూడలేదు, సర్వేయర్నీ చూడలేదు. దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చినట్టున్నాడు, తిన్నగా టైలరమ్మ ముందుకెళ్ళి నిలబడి, కళ్ళు మూసుకుని అప్పజెప్పాడు.

"అమ్మా, నాకు పాలసీ వద్దు, ఏమీ వద్దు. ఆ గుడ్డ పెట్టింది నేను. తియ్యనిదీ నేనే. తప్పు నాదే!"

ఏజెంటు బాబాయి అతని కాలు తొక్కాడు, కానీ ఆలస్యమైపోయింది.

"ఆలస్యంగా వచ్చావు నాయనా," అంది టైలరమ్మ. "ఆ తప్పు పొద్దున్నే మీ ఆవిడ పట్టుకుపోయింది. నీకేం మిగల్లేదు."

అతను కళ్ళు తెరిచాడు. బల్ల వెనక పెళ్ళాం, చేతిలో చెవి, జుట్టు నిండా తెల్లనూగు. 

"దారం కొనడానికి వెళ్తున్నానన్నావు?"

"కొన్నాగా. ఇక్కడ వాడుతున్నా."

శనివారం నాటకంలో కుందేళ్ళు ధగధగలాడాయి. ఒక కుందేలుకి మాత్రం ఎడమ చెవి కాస్త మెలితిరిగి ఉంది. ఆ చెవి వేసుకున్న పిల్లకే చప్పట్లు ఎక్కువ పడ్డాయి. నారింజ కుందేళ్ళని ఏం చెయ్యాలో సర్వేయర్ని అడిగితే, నియమం ప్రకారం పాడైన సరుకు కంపెనీకి చెందుతుందనీ, అయితే వాటిని ఆఫీసుకి మోసుకెళ్ళి ఎవరికి తొడగాలో తనకి తెలీదనీ, అందుకే అవి దేనికీ పనికిరావని రాసేశాననీ చెప్పాడు. పనికిరానివాటిలో ఒకదాన్ని టైలరమ్మ చిన్నది చేసి బుజ్జికి తొడిగింది. బొడ్డు కనపడకుండా.

తర్వాతి వారం ఏజెంటు బాబాయి నుంచి ఫోనొచ్చింది. "కంపెనీ ఒప్పుకుంది! పాలసీకీ ఢోకా లేదు. చూశావా? నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా, నిజం చెప్పెయ్యండని."

"అవును బాబాయ్," అంది ఆమె. "చూచాయగా చెప్పారు."

ఆ సాయంత్రం మెకానిక్ పైపు కొత్తగా వేశాడు, ఇంకాస్త వాలుగా. రాడ్డు కూడా ఊడదీసి ఎదురు గోడకి బిగించాడు. ఈ నాలుగు రోజుల్లో ఆమె ఇంట్లో ఉన్న గుడ్డలన్నిటికీ తలో జానెడు ఎర్ర రిబ్బను కుట్టేసింది. పైపులో గుడ్డ కుక్కితే రిబ్బను బయట వేలాడాలి, వీధి చివరి నుంచి కూడా కనపడాలి. భర్త మొదట నవ్వాడు. ఇప్పుడు తోటి మెకానిక్‌లు అడుగుతున్నారట, ఎక్కడ దొరుకుతాయని.

అత్తగారు కూడా వచ్చింది, కుందేళ్ళు కుట్టిన చోటు చూడాలని. లోపల మెకానిక్ స్టూలెక్కి, ఏసీ మూత తీసి, నీళ్ళు చేరే ట్రేలో నెమ్మదిగా ఒక చెంబు నీళ్ళు పోశాడు. పోసి, చెవి ఆనించి విన్నాడు. సందులో అందరూ పైపు మూతి కింద గుండ్రంగా నిలబడ్డారు. టైలరమ్మ నోట్లో గుండుసూదులు. బుజ్జి తల్లి చంకలో నారింజ కుందేలు, దాని పిడికిట్లో బాతుల గుడ్డ.

"వచ్చిందా?" అని లోపల్నుంచి కేకేశాడు.

"ఇంకా లేదు!"

"కంగారు పడకు!"

"నేనేం పడట్లేదు. మీరే అరుస్తున్నారు," అంది ఆమె. అన్నాక చూసుకుంటే నిజంగానే పడట్లేదు.

పైపు అంచున ఒక చుక్క వచ్చి వేలాడింది. ఉబ్బింది. వణికింది. బుజ్జి గుడ్డ వదిలేసి చెయ్యి చాపింది. చుక్క సరిగ్గా అరచేతిలో పడింది. దాని వెనకే ఇంకోటి, ఆ వెనక సన్నటి ధార.

బుజ్జి తడిచేతిని అమ్మ చెంపకి రాసి, అందరికీ వినిపించేలా అంది.

"వాన!"